మాన్యువల్లో లేని మనిషి

(ఇబ్రహీంపట్నంలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యుద్ధం గురించి మాట్లాడటానికి నన్నెందుకు పిలిచారని కొందరికి అనిపించవచ్చు. నేను తుపాకి పట్టలేదు. సైన్యం వాడే పరికరాలకు మాన్యువల్స్ రాశాను. ఏ మీట నొక్కాలి, బ్యాటరీ ఎప్పుడు మార్చాలి, అదీ నా పని.

1999లో కార్గిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీలో ఉన్నాను. చీకట్లో చూసే దుర్భిణి మాన్యువల్లో 'మనిషి కనబడే దూరం' అని రాశాను. పై అధికారి 'మనిషి' కొట్టేసి 'టార్గెట్' అని పెట్టాడు. నేను మారు మాట్లాడలేదు. బ్యాటరీ పేజీ మీద మాత్రం మూడు రోజులు కూర్చున్నాను. అక్కడ తప్పు రాస్తే మంచుకొండ మీద పోయేది మన జవాను ప్రాణం. ఆ శ్రద్ధ తప్పని ఇప్పటికీ అనుకోను. కొట్టేసిన మాట గురించే నా బాధ.

ఇదెక్కడి సంగతో అనుకోకండి. 1926లో మచిలీపట్నంలో సైన్సు పరికరాల కోసం పుట్టిన ఆంధ్ర సైంటిఫిక్ కంపెనీ 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్‌లో కలిసింది. ఇప్పుడక్కడ సైన్యానికి ఇలాంటి దుర్భిణులే తయారవుతున్నాయి.

రెండో ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో లెక్కగట్టడానికి అమెరికా సైన్యం ఎక్కువగా ఆడవాళ్లనే పెట్టుకుంది. వాళ్ల ఉద్యోగం పేరే 'కంప్యూటర్'. ఆ లెక్కల కోసం కట్టిన ఎనియాక్ యంత్రానికి 1946లో మాన్యువల్ రాసింది ఆడెల్ గోల్డ్‌స్టైన్. యంత్రాన్ని నడిపిన ఆరుగురు స్త్రీలకు గుర్తింపు రావడానికి దశాబ్దాలు పట్టింది. పేరు దక్కలేదని మనం కోప్పడతాం, న్యాయమే. పేరు అడిగినప్పుడు ఆ గుండు ఎవరి మీద పడిందన్న ప్రశ్న కూడా మన వాటాకి వస్తుంది గదా!

1942 జూన్ 5న జర్మనీలో ఒక మెమో తయారైంది. విషవాయువుతో మనుషుల్ని చంపే వ్యాన్లలో చెయ్యవలసిన మార్పుల గురించి. అంతకుముందు డిసెంబరు నుంచి మూడు వ్యాన్లలో 97,000 పని పూర్తయిందనీ, బండ్లలో లోపమేదీ బయటపడలేదనీ అందులో ఉంది. 97,000 ఏమిటో చెప్పలేదు. లోపలున్న వాళ్లు 'లోడు'. సాంకేతిక రచనగా చూస్తే వంక పెట్టడానికి లేదు. నాకు భయం వేసింది అందుకే.

నా పనిని దానితో పోల్చడం లేదు. కాని మాట తీసేసే పద్ధతి ఒకటే. అది యుద్ధంలోనే ఉంటుందా? కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకు 1996 ఏప్రిల్ దాకా మన దేశంలో టార్గెట్లుండేవి. కడుపు కోయించుకున్న ఆడమనిషి రిజిస్టర్లో 'కేసు'.

పొద్దున మీ మూడు నెలల రిపోర్టు చూశాను. '42 కేసులు క్లోజ్ చేశాం' అని ఉంది. ఆ 42 మందిలో ఎందరు తిరిగి అదే ఇంటికి వెళ్లారని రాసిన అమ్మాయిని అడిగాను. ఆమెకి తెలుసు, వేళ్ల మీద లెక్కపెట్టి చెప్పింది. మరి రాయలేదేమమ్మా అంటే, "కాలమ్ లేదు మేడమ్" అంది.