నోల్ భవనం ఎవరిది?



ఇంగ్లండులో, లండను నగరానికి ఆగ్నేయంగా కెంట్ అనే ప్రాంతం ఉంది. అక్కడ సెవెనోక్స్ అనే ఊరి పక్కన, జింకలు తిరిగే పెద్ద వనం మధ్య నోల్ భవనం ఉంది. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని గదులు, ఎన్ని వారాలో అన్ని మెట్లదారులు అందులో ఉన్నాయని జనం చెప్పుకుంటారు.

1456లో ఒక ఆర్చిబిషప్పు ఈ ఎస్టేటు కొన్నాడు. 1538లో ఎనిమిదో హెన్రీ రాజు, అప్పటి ఆర్చిబిషప్పు చేతిలోంచి దాన్ని పుచ్చుకున్నాడు. 17వ శతాబ్దం మొదట్లో శాక్‌విల్ వంశానికి వచ్చి, అక్కడే నిలిచింది. ఇవన్నీ మగవారి పేర్లే. అయితే ఆ ఇంట్లో ఆడవాళ్లు లేరా? ఇద్దరి సంగతి చెబుతాను.

ఆన్ క్లిఫర్డ్ ఆ ఇంటి కోడలు. 1605లో ఆవిడ తండ్రి పోతూ, ఉత్తరాదిలోని కోటలూ భూములూ తమ్ముడికి రాసి, కూతురికి 15,000 పౌన్లు ఇమ్మన్నాడు. పాత దస్తావేజుల ప్రకారం ఆస్తి తనదేనని ఆన్ పట్టుబట్టింది. డబ్బు తీసుకుని ఊరుకోమన్నాడు భర్త. పసిబిడ్డను ఆవిడ దగ్గర ఉండనీయకుండా పంపించేశాడు. 1617లో సాక్షాత్తూ జేమ్స్ రాజు పిలిపించి అడిగినా ఆవిడ ఒప్పుకోలేదు. చివరికి 1643లో, పినతండ్రి కొడుకు మగ వారసులు లేకుండా పోయాక, ఆస్తి ఆవిడకు దక్కింది. అప్పటికి ఆవిడకు 53 ఏళ్లు! ఆ తర్వాత పాడుబడ్డ కోటలన్నీ బాగుచేయించింది.

రెండో ఆవిడ, 1892లో నోల్‌లోనే పుట్టిన రచయిత్రి వీటా శాక్‌విల్ వెస్ట్. తండ్రికి ఒక్కతే సంతానం. ఆన్ క్లిఫర్డ్ దినచర్యను 1923లో అచ్చు వేయించింది కూడా ఈవిడే. 1928లో తండ్రి పోగానే బిరుదుతో పాటు ఇల్లూ బాబాయికి వెళ్లాయి. ఆడపిల్ల కావడమే కారణం. అదే ఏడాది స్నేహితురాలు వర్జీనియా వుల్ఫ్, వీటాను మనసులో పెట్టుకుని ‘ఆర్లాండో’ నవల రాసింది. 1930లో వీటా, భర్తా కలిసి సిసింగ్‌హర్స్ట్ అనే శిథిల కోట కొని, ప్రపంచమంతా మెచ్చే పూలతోట వేశారు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత నోల్‌ను ఆ కుటుంబమే నేషనల్ ట్రస్టుకు అప్పగించింది. ఇప్పుడు టిక్కెట్టు కొని ఎవరైనా చూడవచ్చు.

ఇంటిని కనిపెట్టుకుని ఉండేది ఆడవాళ్లే. మరి కాగితాల మీద పేరెవరిది? ఆ ప్రశ్న అడగటం దురాశ కాదమ్మా. ఆన్ క్లిఫర్డ్ ముప్పై ఎనిమిదేళ్లు అడుగుతూనే ఉంది. మీ ఇంటి కాగితాలు కూడా ఒకసారి తీసి చదవండి.