పద్మావత్ ప్రయాణం

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



ఒక గ్రంథం ఎవరి సొత్తు? రచించిన కవిదా, ప్రతి రాసిపెట్టిన లేఖకునిదా, అది ఏ భాషలో పుట్టిందో ఆ భాష వారిదా? గ్రంథాలయంలోని పుస్తకం మీద ఒకే ముద్ర కనిపిస్తుంది గనుక సమాధానం సులభమే అనిపిస్తుంది. కాని నాలుగు శతాబ్దాలకు పైగా చేతులు మారుతూ వచ్చిన ఒక కావ్యం చరిత్రను పరిశీలిస్తే ఆ సమాధానం అంత సులభం కాదని తేలుతుంది. ఆ కావ్యం పద్మావత్.

నేటి ఉత్తరప్రదేశ్‌లోని అమేఠీ జిల్లాలో జాయస్ అనే పట్టణం ఉన్నది. ఆ ఊరి పేరును తన పేరుతో కలుపుకొన్న సూఫీ కవి మలిక్ ముహమ్మద్ జాయసీ 1540 ప్రాంతంలో, షేర్‌షా కాలంలో, ఈ కావ్యాన్ని రచించాడు. సింహళ రాకుమారి పద్మావతి, ఆమె పెంచిన హీరామన్ అనే చిలుక, ఆ చిలుక పలుకులు విని జోగి వేషం వేసి సముద్రాలు దాటి వెళ్లిన చిత్తోడు రాజు రతన్‌సేన్, చివరకు అల్లావుద్దీన్ ముట్టడి ఇందులోని కథ. 1303లో చిత్తోడు కోట పతనం కావడం చరిత్ర. చిలుక రాయబారం కావ్యలోకానికి చెందినది. కవి ముస్లిం, భాష అవధి, ఛందస్సు దోహా చౌపాయీలు. 1574లో రామచరితమానస్‌ను ప్రారంభించిన తులసీదాసు ఎన్నుకొన్నవి కూడా ఆ భాషా, ఆ ఛందస్సులే.

ఈ అవధి కావ్యం ప్రతులు నాగరిలో, కైథీలో ఉన్నా, చాలావరకు పారశీక లిపిలోనే నిలిచాయి. ఆ లిపిలో హ్రస్వాచ్చులను సాధారణంగా రాయరు. అందువల్ల ఒకే అవధి పదాన్ని రెండు మూడు విధాలుగా చదివే ప్రమాదం ఉన్నది. అమ్రోహాకు చెందిన ముహమ్మద్ షాకిర్ అనే లేఖకుడు 1675లో ఒక ప్రతి రాస్తూ అచ్చుల గుర్తులను శ్రద్ధగా పెట్టాడు. అవధి పంక్తుల నడుమ పారశీకంలో అర్థం కూడా రాశాడు. ఆ ప్రతి రాంపూర్ రజా గ్రంథాలయంలో ఉన్నది. చదివేవాడు తప్పుగా పలకకూడదు, అర్థం తెలియక వదిలిపెట్టకూడదు అన్న తపన ఆ పుటలలో కనిపిస్తుంది. 1924లో ఆచార్య రామచంద్ర శుక్ల, 1952లో మాతాప్రసాద్ గుప్త ఈ కావ్యాన్ని పరిష్కరించి నాగరి లిపిలో హిందీ పాఠకులకు అందించారు. వారి కృషి వెనుక ఇటువంటి పేరు తెలిసిన, తెలియని లేఖకుల శ్రమ ఉన్నది.

కావ్యం తూర్పుకు కూడా సాగింది. నేటి మయన్మార్‌లోని అరకాన్ ఆ కాలంలో స్వతంత్ర బౌద్ధ రాజ్యం. 1666లో మొగలులు జయించేదాకా చిట్టగాంగ్ అరకాన్ రాజుల ఏలుబడిలోనే ఉండేది గనుక రాజధాని మ్రౌక్ ఊలో బెంగాలీ మాటలాడే వారికి, బెంగాలీ కవులకు చోటు దొరికింది. అక్కడికి తనంతట తాను రాని కవి ఆలావోల్. పడవ ప్రయాణంలో పోర్చుగీసు సముద్రపు దొంగలు దాడి చేయగా తండ్రి మరణించాడు. ఆలావోల్ అరకాన్ చేరి గుర్రపు దళంలో కొలువు చేశాడు. అతని విద్వత్తును గుర్తించిన మంత్రి మాగన్ ఠాకూర్ జాయసీ కావ్యాన్ని బెంగాలీలో చెప్పమని కోరాడు. 1651 ప్రాంతంలో పద్మావతి వెలువడింది. అది మాటకు మాట అనువాదం కాదు. ఆలావోల్ కొన్ని ఘట్టాలను కుదించాడు, కొన్నిటిని పెంచాడు. అవధిలో సూఫీ కవి చెప్పిన రాజపుత్ర గాథను, బౌద్ధరాజు కొలువులో, ముస్లిం మంత్రి కోరికపై, బెంగాలీ కవి మళ్లీ చెప్పాడు.

అరకాన్ రాజ్యం అంతరించింది. కావ్యం మాత్రం చిట్టగాంగ్ పల్లెల ఇళ్లలో రాతప్రతులుగా మిగిలింది. ఆ పల్లెలలోనే 1871లో జన్మించిన అబ్దుల్ కరీం సాహిత్యవిశారద్ ఉపాధ్యాయుడుగా, గుమస్తాగా పనిచేస్తూ జీవితమంతా ఇల్లిల్లూ తిరిగి రాతప్రతులు సేకరించాడు. ఆలావోల్ వంటి ముస్లిం కవుల గ్రంథాలతో పాటు వైష్ణవ కావ్యాలను కూడా వెలికి తీశాడు. కొన్ని ఇళ్లలో పూజలో ఉంచిన ప్రతులను ఆయనను తాకనిచ్చేవారు కారట. ఇంటివారు ఒక్కొక్క పుటా తిప్పి చూపితే ఆయన దూరం నుంచి చదివి వివరాలు రాసుకొనేవాడని చెబుతారు. ఆ అవమానానికి అలిగి ఆయన వెనుదిరిగి ఉంటే నష్టం ఆయనది కాదు, ఆ కావ్యాలది. 1901లో నరోత్తమదాసు రాధాకావ్యాన్ని ఆయనే పరిష్కరించి ప్రకటించాడు.

చివరకు ఆ సేకరణ రెండుగా విడిపోయింది. ముస్లిం కవుల ప్రతులు ఢాకా విశ్వవిద్యాలయానికి, హిందూ కవుల ప్రతులు రాజషాహీలోని వరేంద్ర మ్యూజియానికి చేరాయి. రెండు చోట్లా అవి భద్రంగా నిలవడం సంతోషించదగినదే. కాని వాటిని వెదికి తెచ్చిన మనిషి ఇంట్లో అవన్నీ ఒకే కప్పు కింద ఉండేవన్న సంగతి మరువరాదు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. పద్మావత్ జాయసీదే. దానికి అచ్చులు గుర్తించిన షాకిర్‌ది, మరో భాషలో మళ్లీ పుట్టించిన ఆలావోల్‌ది, ఇంటింటా వెదికిన కరీంది కూడా. మీ ఊళ్లలోనూ అటకల మీద పాత పెట్టెలలో రాతప్రతుల కట్టలు ఉండవచ్చు. తెలియని లిపిలో ఉన్నదనో, వేరే మతం వారిదనో ఏ కట్టనూ బయట పారవేయనీయకండి. చదవగలవారికి చూపించండి. పారశీక లిపి చూసి పరాయి గ్రంథమని ఎవరైనా పక్కన పెట్టి ఉంటే, హీరామన్ చిలుక పలుకులు ఈనాడు మనకు వినిపించేవి కావు.