తాతగారి ట్రాక్టరుకు వెల కట్టుట
(తల్లిదండ్రుల సమావేశమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)



కోవిల్పట్టి చెంతనున్న యొక పల్లెలో, మన విద్యార్థి తాతగారు విడిచిపోయిన ఫెర్గుసన్ ట్రాక్టరును పాఠశాలకు ఇత్తుమని ఆ కుటుంబమువారు ముందుకు వచ్చిరి. పిల్లలు యంత్రమును కన్నులార చూచి నేర్చుకొందురని వారి సదాశయము. అయితే రసీదులో వెల ఎంతని వ్రాయవలెను? పెద్దకుమారుడు పాత ఇనుము ధర చెప్పెను. చిన్నవాడు చెప్పిన మొత్తమునకు కొత్త ట్రాక్టరే వచ్చును. ఇట్టి ప్రశ్న మీలో ఎవరి యింటనైనను పుట్టవచ్చును గనుక నాలుగు మాటలు మనవి చేయుచున్నాను.

విరుదునగరు అంగడిలో మినుములకును మిరపకాయలకును నాటి ధర నాడే తెలియును. పాత ట్రాక్టరుకు అట్టి పట్టిక లేదు. అమ్మువానికి తొందర లేక, కొనువానికి నిర్బంధము లేక, వస్తువు గుణదోషములు ఇరువురును ఎరిగి ఒప్పుకొను వెలయే న్యాయమైన వెల. అమెరికా పన్నుల శాఖవారును దానవస్తువుల విషయమున ఈ సూత్రమునే పాటింతురు. వెల 5,000 డాలర్లు మించినచో సామాన్యముగా అర్హుడైన మదింపుదారుని లిఖిత నివేదికయు కోరుదురు.

ముందు వస్తువేదో తెలియవలెను. ఫెర్గుసన్ టి.ఇ.20 రకము 1946 మొదలు 1956 వరకు ఇంగ్లండులోని కోవెంట్రీలో 5 లక్షలకు పైగా తయారైనది. కనుక పాతదైనంత మాత్రమున అపురూపమనరాదు. నాగలిని మూడుచోట్ల తగిలించి ఇంజను బలముతో ఎత్తి దించు ఏర్పాటును లోకమున వ్యాపింపజేసిన బండ్లలో ఇది ముఖ్యమైనది. నేటి ట్రాక్టర్ల వెనుకనున్నదియు అదియే. మా పిల్లలకు చూపదగిన ముచ్చట అది. బండి మీది సంఖ్యగల రేకును చూడుడు. టి.ఇ.డి. అని యున్నచో కిరసనాయిలు వంటి నూనెతో నడచునది, టి.ఇ.ఎఫ్. అన్నచో డీసెలుది. రేకు మీది సంఖ్యయు, ఇంజను సంఖ్యయు, ఆర్.సి. పుస్తకమును ఒకదానితో నొకటి సరిపోయినచో కొనువానికి నమ్మకము, మీకు ధర.

ఎంత తక్కువైనను ఇనుము వెల యుండును. బరువు టన్నుకు పైబడును. కిలో ధరతో హెచ్చించిన చాలును. దుక్కికి పనికివచ్చునదైనచో అంతకన్న హెచ్చు. పాత బండ్లపై మక్కువగలవారు పెట్టు ధర వేరు, దానిని కనుగొనుటయే కష్టము. అమ్మకపు ప్రకటనలలోని అంకెలను నమ్మవలదు. అవి అడిగిన ధరలేగాని చేతికి వచ్చినవి కావు. ఇద్దరు మెకానిక్కులచేత వేర్వేరుగా చూపించి, వ్రాతమూలముగా పుచ్చుకొనుడు. దానమునకు ముందు కొత్త రంగు పూయింతుమని ఆ యింటివారనగా నేను వలదంటిని. వెలసిన బూడిదరంగే ఆ బండికి సాక్ష్యము.

చట్టరీత్యా ఇది పురాతన వస్తువు కాదు. 1972 నాటి శాసనము ప్రకారము సామాన్యముగా నూరేండ్లు నిండవలెను. పన్ను తగ్గింపు ఆశయు పెట్టుకొనరాదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టమున 80జి సెక్షను సొమ్ము రూపమున ఇచ్చిన విరాళమునకే వర్తించునని చెప్పినది. బండిని అమ్మి సొమ్మిచ్చుట మేలా యని అడిగినవారికి, లెక్క చూచుకొనుడని చెప్పితిని. పాఠశాలకు బండి దక్కవలెనని ఆ మాట దాచుట తగదు.

మరి వెల ఎవరికొరకు? ఆ యింటి ఆడపడుచు కొరకు. తాతగారు వీలునామా వ్రాయలేదు, భార్యయు ముందే గతించినది. ఇద్దరు కుమారులు, విరుదునగరున కాపురమున్న ఒక కుమార్తె. 1956 నాటి హిందూ వారసత్వ చట్టము ప్రకారము ముగ్గురికిని సమభాగములు. దానపు మాట ఆమెకు తెలియనే తెలియదు! పెద్దన్న చెప్పిన ఇనుము ధరయైనచో ఆమె వాటా ఒక పట్టుచీరతో సరి. న్యాయమైన వెల తెలిసిన పిదప ఆమె వదలుకొన్నను సంతోషమే, సొమ్ము కోరినను తప్పులేదు. ఆమె చేవ్రాలు లేక రసీదు ఇయ్యరాదని పాలకవర్గమునకు విన్నవించితిని, వారంగీకరించిరి. తహసీల్దారు ఇచ్చు వారసత్వ ధ్రువపత్రముతో ఆర్.సి.ని వారసుల పేర మార్చిన తరువాతనే బండి కదలవలెను.

మెకానిక్కుల నివేదికలు రెండును అందినవి. వాని నకళ్లను జతపరచి ఆమెకు ఉత్తరము వ్రాసితిమి. జవాబు రావలసియున్నది. అంతవరకు బండి వారి కొట్టములోనే యుండును.