సగం కూలి లెక్క
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలుగువారి పండుగలో ఒక వంగదేశపు విదుషి ప్రస్తావన ఎందుకని మీరడగవచ్చు. మన ముత్తవ్వలు 1860 మొదలు మద్రాసులో ఓడలెక్కి నాటాల్ చెరకు తోటలకు వచ్చారు. అక్కడ ఆడకూలీకి కట్టిన జీతం మగవాడి దానిలో సగమే. ఆడవారి కష్టాన్ని లెక్కగట్టే ఈ తీరునే జీవితమంతా ప్రశ్నించిన ఆచార్యురాలు వీణా మజుందార్.

ఆమె 1927లో కలకత్తాలో జన్మించారు. ఆక్స్‌ఫర్డులో డాక్టరేటు పొంది, పాట్నాలోను, మనవాళ్ళు విరివిగా ఉండే బరంపురంలోను రాజనీతిశాస్త్రం బోధించారు. అంతవరకు అది ఏ ఆచార్యుల జీవితమైనా కావచ్చు.

భారత ప్రభుత్వం స్త్రీల స్థితిగతులను విచారించడానికి 1971లో నియమించిన సంఘానికి ఆమె తరువాత సభ్య కార్యదర్శి అయ్యారు. 1974 చివర వెలువడిన ఆ నివేదిక, రాజ్యాంగం సమానత్వం ఇచ్చేసింది గదా అని నిశ్చింతగా ఉన్న చదువరులను ఉలిక్కిపడేట్లు చేసింది. 1901లో వెయ్యిమంది మగవారికి 972 మంది ఆడవారుండగా, 1971 నాటికి 930 మందే మిగిలారు!

నివేదికలు బీరువాలకెక్కడం మనకు కొత్త కాదు. వీణాగారు మాత్రం 1980లో ఢిల్లీలో మహిళాభివృద్ధి అధ్యయన కేంద్రాన్ని స్థాపించి, పశ్చిమ బెంగాలులోని బాంకురా జిల్లాకు వెళ్ళారు. అక్కడి సంతాలు స్త్రీలు ఏటా నాట్లకు, కోతలకు పిల్లలను చంకనెత్తుకొని దూరపు జిల్లాలకు వలసపోయేవారు. పండితులు ఉపన్యసించలేదు, విన్నారు. ఆ స్త్రీలు కోరింది దానం కాదు, సొంత ఊళ్ళోనే పని. వారు సంఘాలుగా ఏర్పడ్డారు. ఆ సంఘాల చేతికి బంజరు నేల వచ్చింది. ఎందుకూ కొరగాదన్న ఆ నేలలో నల్లమద్ది, తెల్లమద్ది మొక్కలు నాటి, వాటి ఆకుపై దసలి పట్టుపురుగులను పెంచారు. బాంకురా స్త్రీలే తనకు గురువులన్నట్లు ఆమె మాట్లాడేవారు. ఆక్స్‌ఫర్డు పట్టా ఉన్నవారి నోట ఈ మాట అరుదు సుమా!

ఆమె 2013లో కన్నుమూశారు.

మన ఓడల జాబితాలలో అవ్వల పేర్లు, వయస్సులు, ఊళ్ళు ఉన్నాయి. తోటలో పొద్దుగుంకాక ఇంటికొచ్చి వారు చేసిన చాకిరీ అందులో లేదు. అది విన్నవారు కొందరు ఈ సభలోనే ముందు వరుసలో కూర్చున్నారు. పిల్లలు వారినడిగి వ్రాసి, కార్యదర్శిగారికి అందజేయ ప్రార్థన. తెలుగులో వ్రాయలేకపోతే ఇంగ్లీషులోనైనా సరే.