పెట్టుబడియు, ఫుట్‌బాలు బంతియు

(పాఠశాల వార్షికోత్సవమున ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ వేదికపై పరీక్షా ఫలితములను గూర్చియు, హాజరును గూర్చియు చెప్పుట మాకు వాడుక. ఆ వివరములు నివేదికలో నున్నవి; మీరు తీరికగా చూడవచ్చును. ఈ సాయంకాలము వేరొక మాట చెప్పదలచినాము. గడచిన నెలలో కొందరు తల్లిదండ్రులు సంతకములు చేసి మాకొక విన్నపము నిచ్చిరి. పదవ తరగతి పిల్లలకు ఆటల పీరియడు తీసివేసి, ఆ సమయమున లెక్కలును, ఇంగ్లీషును చెప్పింపవలెనని అందు కోరిరి. వారిలో ఒక తండ్రి, "సార్, ఆట కూడు పెడుతుందా?" అని మమ్మడిగెను. ఆయన శ్రీపెరంబుదూరు వైపు ఒక కర్మాగారమున పనిచేయుచున్నవాడు. ఆయన బిడ్డ భవిష్యత్తును తలచి అడిగిన ప్రశ్న గనుక దానిని మేము తేలికగా తీసుకొనలేదు. ఆయన ఎరిగిన చోటినుండియే సమాధానము చెప్పుటకు ప్రయత్నింతుము.

విదేశీ పెట్టుబడి యనగా పరదేశస్థుడు తన ధనమును మన దేశమున పెట్టుట. ఇందు రెండు విధములు కలవు. షేర్లలో పెట్టిన ధనము ఉదయమున వచ్చి సాయంకాలమునకు పోగలదు. కర్మాగారముగా నిలిచిన ధనము అంత సులభముగా కదలదు. దానికి నేల కావలెను, నీరు కావలెను, విద్యుత్తు కావలెను, ఓడరేవు కావలెను. అన్నిటికంటె మిన్నగా మనుష్యులు కావలెను. అట్టి పెట్టుబడితో పాటు ఇంజనీర్లు వత్తురు. వారి కుటుంబములు, వంటలు, పండుగలు, భాష వచ్చును.

మన కన్నులయెదుటనే ఇది జరిగినది. దక్షిణ కొరియాకు చెందిన హ్యుందాయ్ సంస్థ 1996వ సంవత్సరమున ఇచ్చట తన భారత కంపెనీని నెలకొల్పి, శ్రీపెరంబుదూరు చెంత ఇరుంగాట్టుకోట్టైలో కర్మాగారము కట్టినది. 1998లో సాంట్రో అను చిన్న కారు అచ్చటినుండి వెలువడినది. 2008లో రెండవ కర్మాగారము లేచినది. విడిభాగములు చేయు కొరియా సంస్థలు అనేకములు దాని వెంట వచ్చినవి. మన కూలివాని చేతిమీదుగా తయారైన కార్లు ఓడలెక్కి పరదేశములకు పోయినవి. ఇరువది యేండ్ల పిమ్మట తెలుగునాట కూడ ఇదే కథ నడచినది. హ్యుందాయ్ కుటుంబమునకే చెందిన కియా సంస్థ 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వముతో ఒడంబడిక చేసికొని, పెనుకొండ చెంత ఎర్రమంచి గ్రామమున సుమారు 110 కోట్ల డాలర్లతో కర్మాగారము కట్టి, 2019లో కార్లను విపణిలోనికి తెచ్చినది. విజయనగర రాజులు ఏలిన పెనుకొండ దారిలో, వేరుసెనగ పండు మెట్టనేలల నడుమ, నేడు కొరియా లిపిలో వ్రాసిన బోర్డులు కనబడును.

ఇది మేలే. కాని ధనము చుట్టమై వచ్చినదని భ్రమపడరాదు. అది లాభము కొరకు వచ్చినది. 2024లో హ్యుందాయ్ భారత కంపెనీ షేర్లు మన బజారులో తొలిసారి అమ్మకమునకు రాగా, సుమారు 27,870 కోట్ల రూపాయల విక్రయము జరిగినది. ఆ సొమ్ము కొరియాలోని మాతృసంస్థకు చేరినది. ఇందు తప్పేమియు లేదు, విత్తినవాడు కోసికొనును. అయితే లాభము తరిగిననాడు ఏమగును? అదియు మనము చూచినదే. శ్రీపెరంబుదూరులో నోకియా టెలిఫోనుల కర్మాగారము 2006లో మొదలై, వేలమందికి పని యిచ్చి, 2014లో మూతపడినది. మరైమలై నగరులోని ఫోర్డు కర్మాగారమున కార్ల తయారీ 2022లో ఆగినది. ఆ కర్మాగారమును ఎగుమతుల కొరకు తిరిగి వాడుకొందుమని ఆ సంస్థ 2024లో ప్రకటించినది గాని, నడుమ చేయి ఖాళీయైన కుటుంబముల బాధ ప్రకటనలతో తీరునది కాదు. అట్టి కాలమున మన పాఠశాలలో రుసుము చెల్లింపలేక, ఆ మాట చెప్పలేక, బిడ్డను వారము దినములు బడికి పంపని తండ్రి యొకడుండెను. మేము ఇంటికి పోయి పిలిచికొని వచ్చినాము.

కావున పెట్టుబడి ఒక దేశమును మన వాకిటివరకు తెచ్చును. వాకిలి దాటి ఇంటిలోనికి తెచ్చునది మరియొకటి కావలెను. అది యేమో తెలియుటకు ఒక ఫుట్‌బాలు కథ చెప్పుదుము. ఇదియు కొరియాతోడి కథయే.

1962వ సంవత్సరమున జకార్తా నగరమున ఆసియా క్రీడలు జరిగెను. అప్పటికి కొరియాలో కారు కర్మాగారముల వైభవము లేదు. 1950 మొదలు 1953 వరకు సాగిన యుద్ధమున చితికి, మనవలెనే బీదదేశమై యుండెను. ఆ యుద్ధమున గాయపడినవారికి మన సైన్యపు 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్సు, లెఫ్టినెంట్ కర్నల్ ఏ. జి. రంగరాజ్ నాయకత్వమున పోయి వైద్యము చేసియుండెను.

జకార్తాకు పోయిన మన జట్టునకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. హైదరాబాదువాడు. అందరు ఆయనను రహీమ్ సాహెబ్ అనిరి. ఆయన మొదట మావలెనే బడిపంతులు. హైదరాబాదు పాఠశాలలలో పాఠములు చెప్పినవాడు. పిల్లలు బలమైన కాలితోనే తన్నుటకు అలవాటుపడుదురని, బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు పెట్టిన గురువు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు పోలీసు జట్టు 1950 నుండి వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో మన దేశము నాలుగవ స్థానమున నిలుచుటయు ఆయన శిక్షణలోనే.

జకార్తాలో మొదటి ఆటయందే మన జట్టు దక్షిణ కొరియా చేతిలో రెండు గోలులతో ఓడినది. తరువాతి ఆటలో జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడినవి. పైగా, ఆ క్రీడలకు రెండు దేశములను రానీయలేదని మన దేశపు క్రీడాధికారి యొకరు ఆక్షేపింపగా, అచ్చటి జనులు మనపై కోపించియుండిరి. సెప్టెంబరు 4వ తేదీన ఫైనలు. ఎదుట మరల కొరియాయే. క్రీడాంగణమంతయు మనవారిని గేలి చేయుచుండెను. అట్టి ఆటలో ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోలు, తలకు కుట్లతోనే దిగిన జర్నైల్ సింగ్ ఒక గోలు చేసిరి. 2-1 తేడాతో స్వర్ణపతకము మనది. అప్పటికే జబ్బుతో నున్న రహీమ్ సాహెబ్ మరుసటి యేడు జూన్ నెలలో కాన్సరుతో కన్నుమూసెను.

ఆ జట్టులో మీరు తప్పక తెలిసికొనదగినవాడు ఒకడు కలడు. తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు చెంత అమ్ముగూడలో పెరిగిన తమిళ కుటుంబపు బిడ్డ. తెలుగునాట తమిళ బిడ్డ యొకడు ఎదిగి దేశమునకు పతకము తెచ్చెను. తమిళనాట తెలుగు బిడ్డలమైన మనకు ఇంతకంటె ధైర్యమిచ్చు కథ యేది కలదు?

ఆ యేటనే, అనగా 1962లోనే, భారతదేశమును, దక్షిణ కొరియాయు కాన్సులేటు సంబంధములు పెట్టుకొన్నవి. రాయబారులను పంపుకొనుట 1973లో జరిగినది. ఆటవలననే స్నేహము కుదిరినదని మేము చెప్పము; అది ప్రభుత్వముల పని. మేము చెప్పునది చిన్న సంగతి. కొరియా ఇంజనీరు ఇరుంగాట్టుకోట్టైలో అడుగు పెట్టుటకు ముప్పది నాలుగేండ్లు ముందే, ఇరుదేశముల పిల్లలు ఒకే గీతల నడుమ, ఒకే నియమముల క్రింద, సమానులై నిలిచిరి. ఒకసారి వారు గెలిచిరి. ఒకసారి మనము గెలిచితిమి. అచ్చట ధనికుడు, బీదవాడు అను భేదము లేదు. పెట్టుబడిలో ఒకరిది పై చేయి, ఒకరిది క్రింది చేయి. ఆటలో మాత్రము ఇరువైపుల పదునొకండుగురే.

వ్యాపారము చేయువారికి ఈ మర్మము బాగుగా తెలియును. హ్యుందాయ్ సంస్థ 1999 నుండి ప్రపంచ ఫుట్‌బాలు సంస్థయైన ఫిఫాకు ధనసహాయము చేయుచు వచ్చినది. ఆ సంస్థను స్థాపించిన చుంగ్ జూ-యుంగ్ కుమారుడు చుంగ్ మోంగ్-జూన్ కొరియా ఫుట్‌బాలు సంఘమునకు అధ్యక్షుడై, 2002 ప్రపంచ కప్పు పోటీలను తన దేశమునకు తెచ్చుటలో ముందు నిలిచెను. ఆ పోటీలను కొరియా ఒంటరిగా కాక, తన్ను ముప్పది యైదేండ్లు ఏలిన జపానుతో కలిసి నడపినది. పాత గాయము మానినదని కాదు. కాని పక్కపక్కన నిలిచి అతిథులను ఆహ్వానించుట చిన్న విషయము కాదు. ఆ పోటీలలో కొరియా నాలుగవ స్థానము పొందినది. కారు కొననివాడు సైతము ఆ దేశపు పేరు నేర్చెను.

మన నగరమునకు వత్తము. 2014లో ఏర్పడిన చెన్నయిన్ జట్టునకు ఇటలీ దేశస్థుడు మార్కో మటెరాజ్జీ శిక్షకుడుగా వచ్చెను. 2006 ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఆడినవాడు. 2015 డిసెంబరులో మన నగరమును వరద ముంచినది మీరెవ్వరు మరువలేదు. మన బడిలో కూడ తరగతి గదులలో కుటుంబములు తలదాచుకొన్నవి. ఆ దినములలో నెహ్రూ స్టేడియమున జరుగవలసిన సెమీఫైనలు పూణేకు తరలిపోయినది. సొంత ఊరు నీట నుండగా, పరాయి ఊరిలో ఆడి, డిసెంబరు 20వ తేదీన గోవాలో ఆ జట్టు కప్పు గెలిచినది. చివరి నిమిషమున గెలుపు గోలు చేసినవాడు మెండోజా, కొలంబియా దేశస్థుడు. మ్యాపులో కొలంబియా ఎచ్చటనున్నదో చూపలేని మా పిల్లలు, మరునాడు అట్లాసు తెరచి వెదకిరి. భూగోళ శాస్త్రమున అంత శ్రద్ధ మేము బెత్తముతో ఎన్నడును రాబట్టలేకపోతిమి.

ఆట ఎప్పుడును స్నేహమునే కలిగించునని కూడ మేము చెప్పము. 1969లో హోండురాస్, ఎల్ సాల్వడార్ దేశముల నడుమ అప్పటికే రగులుచున్న వైరము ఫుట్‌బాలు పోటీల వేళ భగ్గుమని యుద్ధమైనది. బంతి మంచిది కాదు, చెడ్డది కాదు. ఆడువానికి నేర్పిన బుద్ధిని బట్టి అది పనిచేయును. అందువలననే ఆట బడిలో ఉండవలెను. గురువు కన్నులయెదుట జరుగవలెను.

మా పూర్వవిద్యార్థి యొకడు విడిభాగముల కర్మాగారమున పనిచేయుచున్నాడు. గడచిన సంక్రాంతికి మమ్ము చూడ వచ్చి చెప్పిన మాట ఇది. పనిలో చేరిన మొదటి యేడు అతనికిని, కొరియా ఇంజనీరునకును నడుమ చేతి సైగలు తప్ప మాటలు లేవు. తప్పు జరిగినప్పుడు ఆయన కేకలు, ఇతని మౌనము. ఒక ఆదివారము కర్మాగారపు ఆవరణలో ఫుట్‌బాలు ఆడిరి. ఇతనిని తప్పుగా అడ్డగించి పడద్రోసిన ఇంజనీరు, తానే వంగి చేయి పట్టి లేపి, తల వంచి క్షమాపణ చెప్పెను. ఆ మరునాడు ఇతడు టీ అందింపగా ఆయన రెండు చేతులతో పుచ్చుకొనెను. పెద్దలకు అట్లే ఇచ్చి పుచ్చుకొనుట కొరియావారి మర్యాద. "సార్, మా అమ్మమ్మ కూడా అట్లే కదా ఇమ్మనేది!" అని మావాడు నవ్వెను. ఇప్పుడు తప్పు జరిగిన కేకలు లేవు. ఇద్దరు యంత్రము చెంతకు పోయి చూచెదరు.

ఆ తండ్రిగారి ప్రశ్నకు ఇదియే మా సమాధానము. ఆట కూడు పెట్టదు. కాని కూడు పెట్టు చోట పరదేశస్థుని ఎదుట తల వంచుకొని కాక, తల యెత్తి, నియమము తప్పక నిలుచుట నేర్పును. ఓడినవానిని హేళన చేయకుండుట, ఓడినప్పుడు మరల దిగుట నేర్పును. కర్మాగారము మూతపడిననాడు ఆ విద్యయే వానితో మిగులును.

ఇంకొక మాట. తెలుగు చదివిన ఏమి వచ్చునని మీలో కొందరు అడుగుదురు. కార్లు చేసి ప్రపంచమునకు అమ్మిన కొరియావారు తమ భాషను విడువలేదు. తమ లిపి కొరకు అక్టోబరు 9వ తేదీన సెలవిచ్చి పండుగ జరుపుకొందురు. ఈ చెన్నైలో ఇన్‌కో సెంటరు అను సంస్థ మనవారికి వారి భాష నేర్పుచున్నది. తన భాషను గౌరవించువానినే పరాయివాడు గౌరవించును. మీ బిడ్డ తమిళము చక్కగా నేర్వవలెను, ఇంగ్లీషు నేర్వవలెను, వీలైన కొరియా భాషయు నేర్వవలెను. కాని తెలుగును బలహీనమైన కాలివలె వాడకుండ వదలరాదు. రెండు కాళ్లతో ఆడువాడే ఆటగాడని రహీమ్ సాహెబ్ నేర్పిన పాఠము.

తుదకు మా మనవి. లెక్కలు, ఇంగ్లీషు పాఠములను ఉదయము ఒక గంట ముందుగా మేమును, మా తోడి ఉపాధ్యాయులును చెప్పెదము. ఇందుకు రుసుము లేదు. మీరు బిడ్డలను వేళకు పంపిన చాలును. సాయంకాలపు ఆటల గంటను మాత్రము మాకు విడిచిపెట్టుడు. అర్ధసంవత్సర పరీక్షలలో మార్కులు తగ్గినచో, విన్నపము తెచ్చిన తల్లిదండ్రులనే పిలిచి, వారు చెప్పినట్లు చేయుదుము. నియమము పెట్టినవాడు నియమమునకు లోబడవలెను గదా.

రాబోవు శనివారము సాయంకాలము పదవ తరగతివారికిని, పూర్వవిద్యార్థులకును ఫుట్‌బాలు ఆట కలదు. ఆ తండ్రిగారు తప్పక రావలెనని ఈ వేదికనుండి ఆహ్వానించుచున్నాము.

జై హింద్.