అమ్మలు నడిపిన గుడి

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం 'కుటుంబ జీవితంలో విశ్వాసం'. దీని మీద మాట్లాడటానికి ఇంజనీరెందుకు, ఫాదర్‌గారిని పిలవవచ్చు కదా అని నిర్వాహకులను అడిగాను. 'ఫాదర్‌గారైతే గంట పడుతుంది, నువ్వైతే భోజనాల టైముకు ముగిస్తావు' అన్నారు. ప్రయత్నిస్తాను. మనలో కతోలికులు కొద్దిమందే. హిందువులు, ముస్లింలు, బాప్టిస్టు, మెనోనైట్ సంఘాల వాళ్ళు అందరం ఒకే బెంచీ మీద కూర్చుని చదివాం. నేను చెప్పేది మా ఇండ్ల సంగతి. మీ ఇండ్లలోనూ ఇలాంటిదే ఏదో ఉండి ఉంటుంది.

నా వృత్తి మంచినీళ్ళది. ముప్పై ఏళ్ళుగా నల్లగొండ, పాలమూరు పల్లెల్లో బోర్లు, ట్యాంకులు, పైపులైన్లతో బతికాను. అందుకే నీళ్ళ దగ్గర మొదలుపెడతాను.

ఫ్లోరైడ్ మీద ప్రపంచంలో ఎక్కడ పాఠ్యపుస్తకం తెరిచినా 'నల్లగొండ టెక్నిక్' అనే మాట కనిపిస్తుంది. నాగపూర్‌లోని నీరి సంస్థ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతి అది. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు వైపు బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం తగిన మోతాదులో కలిపి, బాగా తిప్పి, గంటసేపు తేరనిస్తే ఫ్లోరైడ్ మడ్డితోపాటు కిందికి దిగుతుంది. పైన తేరిన నీళ్ళు తాగాలి. కరెంటు అక్కర్లేదు, పెద్ద యంత్రం అక్కర్లేదు, ఒక బకెట్ చాలు. కాగితం మీద ఇందులో వంక పెట్టడానికి ఏమీ లేదు.

చిక్కు ఎక్కడంటే, రోజూ ఎవరో ఒకరు కలపాలి. నిన్న కలిపాం కదా అంటే కుదరదు. పొలం నుంచి వచ్చి నడుము నొస్తున్నా కలపాలి, చుట్టాలొచ్చినా కలపాలి, అడుగున మిగిలిన మడ్డి తీసి పారబోయాలి. ఏ ఇంట్లో ఆడమనిషి దాన్ని అలవాటు చేసుకుందో ఆ ఇంట్లో అది నడిచింది. మిగతా ఇండ్లలో ఆ బకెట్లో జొన్నలు పోసుకున్నారు. మా భాషలో దీన్ని 'ఓ అండ్ ఎం' అంటాం, అంటే నడపడం, మరమ్మతు చూసుకోవడం. టెండరు కాగితాల్లో ఆఖరి పేజీ అది. శంకుస్థాపనకు శిలాఫలకం ఉంటుంది. రోజూ మోటారు వేసే మనిషికి ఉండదు.

మా విశ్వాసం సంగతీ అంతే. ఈ ప్రాంతానికి సువార్త ఎవరు తెచ్చారు, గుళ్ళు ఎవరు కట్టారు అనేది రాసి ఉంది. నల్లగొండ, దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి, గద్వాల వైపు బాప్టిస్టు, మెనోనైట్ బ్రెదరన్ మిషనరీలు పనిచేశారు. కతోలికుల్లో ఇటలీ నుంచి వచ్చిన పీమె సభ గురువులు మన వైపు తిరిగారు. నల్లగొండ మేత్రాసనం 1976లో ఏర్పడింది. చెరియన్‌కున్నేల్ మాథ్యూగారు మొదటి పీఠాధిపతి.  వీళ్ళందరి ఫొటోలు సావనీర్లలో ఉంటాయి, ఉండాల్సినవే. కానీ మా వాడకు ఫాదర్‌గారు నెలకోసారి వచ్చేవారు. వానాకాలమైతే అదీ లేదు. ఉపదేశిగారు వారానికోసారి సైకిల్ మీద వచ్చి జపాలు నేర్పి పోయేవారు. మిగిలిన రోజుల్లో గుడిని నడిపింది మా అమ్మలు.

1964లో రెండవ వాటికన్ మహాసభ తన పత్రంలో కుటుంబాన్ని 'గృహ శ్రీసభ' అన్నది, అంటే ఇల్లే ఒక చిన్న గుడి అని. మా అమ్మకు ఆ పత్రం సంగతి తెలియదు. సంతకం కూడా రాదు, వేలిముద్రే. అయినా రాత్రి అన్నాలు తిన్నాక చాప పరిచి జపమాల మొదలుపెట్టేది. ఒక జపమాలలో మంగళవార్త జపం యాభై మూడు సార్లు వస్తుంది. పూసలు తెగిపోతే వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టేది, ఒక్కటి తప్పేది కాదు. రోజుకు ఏ దేవరహస్యాలు చెప్పాలో, సంతోషమా, దుఃఖమా, మహిమా, ఆమెకు కంఠస్థం. భక్తిలో మునిగిపోయి చుట్టూ మరిచిపోయేదనుకోకండి. ఒక జపానికీ మరో జపానికీ నడుమ 'ఆ తలుపు గొళ్ళెం పెట్టు', 'నిద్రపోకురా, ఇంక పదే' అనేది. నాయిన గోడకు ఆనుకుని కూర్చుని ఆఖరి మాటలు మాత్రం అందుకునేవాడు. నాకు లెక్కలు బాగా రావడానికి ఆ యాభై మూడే కారణమని ఇప్పటికీ అనుకుంటాను. మన లెక్కల సారు క్షమించాలి.

2002లో జాన్ పాల్ పాపుగారు జపమాలకు 'వెలుగు దేవరహస్యాలు' ఐదు కొత్తగా చేర్చారు. అప్పటికి అమ్మకు అరవై దాటాయి. 'ఇన్నేళ్ళు లేనివి ఇప్పుడెందుకొచ్చినయి' అని రెండు రోజులు సణిగింది. మూడో రోజు నా బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని చదివించుకుని నేర్చుకుంది. అప్పటికి పాపకు రెండో తరగతి. పాప చదివితే అవ్వ వల్లించేది.

అన్నం వండే ముందు కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. నెలాఖరున అది గుడికి పోయేది, లేదా వాడలో ఎవరైనా మంచం పట్టి ఉంటే వాళ్ళింటికి. తపస్కాలంలో శుక్రవారాలు మాంసం తినకూడదని ఉపదేశిగారు చెప్పేవారు. పండుగకు తప్ప మాంసం ఎరగని ఇంటికి ఆ ఉపవాసం ఎలా వర్తిస్తుంది? అమ్మ తనే నియమం మార్చింది. తాను చాయ్ మానేది, నాయినను కల్లు మాన్పించేది. ఆ నలభై రోజుల కూలి పైసలు మొత్తం ఇంటికి చేరేవి. ఈస్టరుకు మాకు కొత్త బట్టలు వచ్చేది అందులోంచే.

బొట్టు పెట్టుకునేది, పూలు పెట్టుకునేది. పుస్తెల తాడుకు చిన్న సిలువ ఉండేది. సద్దుల బతుకమ్మ నాడు పక్కింటోళ్ళు పిలిస్తే పోయి చప్పట్లు కొట్టి ఆడి, ఇంటికొచ్చి జపమాల చెప్పేది. దీని మీద ఒకసారి మా చుట్టాల్లో పెద్ద వాదన జరిగింది. అమ్మ ఏమీ అనలేదు. మరుసటి ఏడూ పోయింది.

ఉద్యోగంలో కొన్నేళ్ళు మహబూబ్‌నగర్‌లో ఉన్నాను. పాలమూరు లేబర్ కట్టని ప్రాజెక్టు దేశంలో తక్కువ. వానలు పోగానే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని ఇంటిల్లిపాదీ లారీ ఎక్కేవాళ్ళు. చదువుకునే పిల్లలను అవ్వ దగ్గర వదిలేవాళ్ళు, పాలు తాగే పిల్లను చంకనేసుకుని పోయేవాళ్ళు. నేను తనిఖీకి వెళ్ళిన ఒక తండాకు ఆనుకుని నాలుగైదు కతోలిక కుటుంబాలున్నాయి. అక్కడ ఒకామె నాతో చెప్పిన సంగతి ఇది. మహారాష్ట్రలో కాలువ పని దగ్గర గుడిసెలో ఆమెకు ఏడో నెలలోనే కాన్పు అయింది. బిడ్డ బతికేట్టు లేదు. ఆసుపత్రి దూరం, గుడి ఎక్కడుందో తెలియదు. అటువంటి ఆపదలో గురువు లేకపోతే ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చని చిన్నప్పుడు ఉపదేశి చెప్పింది ఆమె అత్తకు గుర్తుంది. కాంక్రీటు కోసం తెచ్చిన ట్యాంకర్ నీళ్ళు చెంబుతో ముంచి, పసిదాని నెత్తి మీద పోసి, చెప్పాల్సిన మాటలు చెప్పింది. ఆ బిడ్డ బతికింది. ఊరికి తిరిగొచ్చాక ఫాదర్‌గారు విని, మళ్ళీ జ్ఞానస్నానం అవసరం లేదు, అది చెల్లుతుంది అని మిగిలిన ప్రార్థనలు మాత్రం చేసి రిజిస్టరులో పేరు ఎక్కించారట. నేను ఆమెను చూసేటప్పటికి ఆ పాప బోరు దగ్గర బిందె కడుగుతోంది.

ఇప్పుడు కొంచెం ఇబ్బందిగా ఉండే సంగతి చెప్పాలి. ఇది మాట్లాడకుండా మా వాడల్లో తల్లుల విశ్వాసం గురించి ఎంత చెప్పినా సగమే అవుతుంది.

మా వైపు కతోలికుల్లో ఎక్కువమంది దళితులం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు కానివారిని షెడ్యూల్డ్ కులాల వారిగా గుర్తించరు. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చిన వారిని ఉమ్మడి రాష్ట్రంలో బీసీ–సీ అన్నారు. ఎస్సీలకు పదిహేను శాతం, బీసీ–సీకి ఒక శాతం. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఈ మతం షరతు తీసేయమని సిఫారసు చేసింది. 2022లో బాలకృష్ణన్ కమిషన్ వేశారు. నేను చట్టం చదవలేదు, న్యాయాన్యాయాలు వేరే సభలో మాట్లాడుకుందాం. నేను చెప్పేది ఈ ఉత్తర్వు ఎవరి నెత్తిన పడిందన్నది.

అది పడింది ఒకటో తరగతిలో బిడ్డను చేర్పించడానికి వచ్చిన తల్లి మీద. ఊరి బడిలో సారు రిజిస్టరు తెరిచి 'మతం ఏం రాయమంటవమ్మా' అని అడుగుతాడు. నాయిన కూలికి పోయి ఉంటాడు. చెప్పాల్సింది ఆమే. అక్కడ ఆమె నోట్లోంచి వచ్చే ఒక్క మాట ఆ బిడ్డ హాస్టలు, స్కాలర్‌షిప్పు, సీటు, కొలువు అన్నిటినీ తేలుస్తుంది.

మా అమ్మ 'ఉన్నది ఉన్నట్టే రాయుండ్రి సారూ' అన్నది. నేను ఆ ఒక్క శాతంలో పోటీపడి ఇంజనీరింగు సీటు తెచ్చుకున్నాను. మా అన్నకు రాలేదు. ఆయన ఇప్పటికీ ట్రాక్టరు నడుపుతాడు. అమ్మ ఆ మాట అన్నందుకు ఆయన ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆమె ముందు అనలేదని చెప్పడం సరైనది.

మా పక్కింటి పెద్దమ్మ హిందువు అని రాయించింది. బడిలో ఆమె కొడుకుది ఒక పేరు, గుడిలో ఇంకో పేరు. అతనికి కొలువొచ్చింది, ఇల్లు నిలబడింది. కానీ పెండ్లికి రెండు రకాల కార్డులు అచ్చువేయించాల్సి వచ్చింది. ఆఫీసు వాళ్ళకు ఇచ్చే కార్డు మీద సిలువ ఉండదు. తల్లి గుడికి పొద్దున్నే పోయేది, అతను పండుగ రాత్రి చీకట్లో వచ్చి వెనక నిలబడేవాడు. ఆదివారం దివ్యబలి పూజలో ఆమె ఏడవడం నేను చూశాను. ఎందుకని వాడలో ఎవరూ అడగలేదు, అందరికీ తెలుసు.

మా అమ్మ ధైర్యవంతురాలు, పెద్దమ్మ పిరికిది అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఇద్దరూ బిడ్డను చూసే ఆ మాట చెప్పారు. పిల్లవాడి అన్నానికీ తన దేవుడికీ మధ్య ఎంచుకోమని ఒక తల్లిని బల్ల ముందు నిలబెట్టిన పద్ధతినే ప్రశ్నించాలి. మంచి తల్లి గురించి గుడిలో ప్రసంగాలు ఎన్నో విన్నాను. ఆ రిజిస్టరు గురించి ఒక్కసారీ వినలేదు.

ప్రసంగాల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. తల్లుల గురించి చెప్పినప్పుడల్లా ఇటలీకి చెందిన పునీత జియాన్నా బెరెట్టా మోల్లా పేరు తెస్తారు. గర్భంతో ఉండగా కణితి వచ్చింది, బిడ్డకు ప్రమాదం లేని ఆపరేషనే కావాలంది, బిడ్డను కని వారానికి, 1962 ఏప్రిల్ 28న చనిపోయింది. గొప్ప సంగతే. కానీ రక్తహీనతతో కాన్పుకు పోయే ఆడవాళ్ళున్న మన పల్లెల్లో, ప్రాణం పోవడమే తల్లి పుణ్యం అన్నట్టు ఈ కథ చెప్పడం నాకు నచ్చదు. ఆమె డాక్టరు. పల్లెలో క్లినిక్ పెట్టి పేదలను చూసింది. ముగ్గురు పిల్లలను పెంచుతూ ఉద్యోగం చేసింది. ముప్పై తొమ్మిదేళ్ళు ఎలా బతికిందో చెప్పండి ఫాదర్ అని ఒకసారి అడిగాను కూడా. ఆమె భర్త పియెత్రో ఇంజనీరు. ఆమె పోయాక పిల్లలను పెంచాడు. 2004లో ఆమెను పునీతురాలిగా ప్రకటించిన రోజు తొంభై దాటిన వయసులో పిల్లలతో రోమ్‌లో ఉన్నాడు. మా వృత్తి వాళ్ళ గురించి ప్రసంగాల్లో ఎవరూ చెప్పరు కాబట్టి నేనే చెబుతున్నాను.

మగవాళ్ళం గోడకు ఆనుకుని కూర్చుని ఆఖరి మాటలు అందుకోవడం మా నాయిన తరంతో పోవాల్సింది, పోలేదు. నా భార్యా ఉద్యోగం చేస్తుంది. పెండ్లయిన కొత్తలో ఇంట్లో జపం మొదలుపెట్టే పని ఆమె మీదే పడింది. 'వంట నాది, ఆఫీసు నాది, దేవుడు కూడా నా వంతేనా' అని అడిగింది. అప్పటినుంచి రోజు విడిచి రోజు నా వంతు. పిల్లలు ఇప్పుడు ఒకరు హైదరాబాద్‌లో, ఒకరు డల్లాస్‌లో. ఆదివారం రాత్రి వీడియో కాల్‌లో అయిదు దేవరహస్యాలు చెబుతాం. నెట్ ఆగిపోతే ఎవరి దగ్గర ఆగిందో అక్కణ్ణుంచి మొదలు. నా బిడ్డ అవ్వలాగే వేళ్ళ కణుపుల మీద లెక్కపెడుతుంది.

సంఘానికి నాదొక విన్నపం ఉంది. మన సభ్యత్వ ఫారంలో తండ్రి పేరు, వృత్తి, ఊరు అని గడులున్నాయి. తల్లి పేరుకు గడి లేదు. ఆ గడి చేర్చండి, ఆమె పుట్టిన ఊరికి కూడా ఒకటి. ఏ మతం వాళ్ళదైనా సరే. రెండోది, ఎనభై దాటిన అమ్మలు ఇంకా కొందరున్నారు. మా వాళ్ళకు పాత జపాలు వస్తాయి, మీ వాళ్ళకు పాటలో, కథలో, వ్రతాలో వస్తాయి. వాళ్ళ దగ్గర కూర్చుని ఫోనులో రికార్డు చేద్దాం. ఖర్చు పెద్దగా లేదు. నల్లగొండలో ఆ పని నేను చూస్తాను, పాలమూరు వైపు ఎవరైనా ఒకరు ముందుకు రండి. కొత్త ఫారం నమూనా ఒకటి టైపు చేయించి తెచ్చాను, భోజనాల దగ్గర బల్ల మీద పెడతాను. చూసి మార్పులుంటే పెన్నుతో అక్కడే రాయండి.