సాల్సా లయ, సైకెడెలిక్ గిటార్

ఒమర్ రోడ్రిగెజ్ లోపెజ్ 1975లో ప్యూర్టో రికోలో పుట్టి, టెక్సస్‌లోని ఎల్ పాసోలో పెరిగారు. ఎడమచేతి వాటం గిటారిస్టు. 'ద మార్స్ వోల్టా' బృందంతో పేరు తెచ్చుకున్నారు. 2005లో ఆ బృందం ఆల్బమ్‌లో పియానో వాయించినది సాల్సా దిగ్గజం లారీ హార్లో.

2009లో వచ్చిన ఒమర్ సోలో ఆల్బమ్ 'జెనోఫనీస్'లో పాటలన్నీ స్పానిష్‌లోనే. ఇందులో ఆయనే గొంతు విప్పారు. మెక్సికో గాయని హిమేనా సరిన్యానా గొంతు కలిపారు.

థామస్ ప్రిడ్జెన్ డ్రమ్స్ ఊపిరి సలపనివ్వవు. ఎఫెక్ట్స్ పెడళ్ల గుండా వచ్చే గిటార్ నాదం మెలికలు తిరుగుతూ ఒక్కోసారి గొంతులనే కమ్మేస్తుంది. తొలిసారి వింటే గోలగా తోచవచ్చు; డ్రమ్స్ మీదే చెవి పెట్టి మళ్లీ వింటే, ఆ హోరు కింద నడిచే లయ తేటగా పట్టుబడుతుంది. సైకెడెలిక్ రాక్‌ను స్పానిష్‌లో వినాలనుకునేవారు తప్పక వినవలసిన ఆల్బమ్ ఇది.